గంగలో వదిలిన పొట్లకాయ

కొడుకులు వేరు కుంపటి పెట్టుకోవడం ఎక్కడైనా ఉన్నదే. తల్లీతండ్రీ వేరు కుంపటి పెట్టుకోవడం మాత్రం తిరువూరు బజారు వీధి మొదటిసారిగా కిరాణా కొట్టు బ్రహ్మయ్య ఇంట్లో చూసింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రెండేళ్ళయిన ఆ దసరా వెళ్ళగానే బ్రహ్మయ్య, ఆయన భార్య గోవిందమ్మ కొట్టు వెనకున్న పెద్దిల్లు కొడుక్కి వదిలేసి, రెండు వీధుల అవతల ఉన్న చిన్న పెంకుటింట్లోకి మారిపోయారు. గోవిందమ్మ నవ్వుకుంటూ వచ్చింది. బ్రహ్మయ్య మొహం గంటు పెట్టుకుని వచ్చాడు.

తప్పంతా ఆయనదే. అంతకు ముందు వేసవిలో ఆయనకు టైఫాయిడ్ జ్వరం వచ్చి నెల పైన మంచం పట్టాడు. మనిషి దక్కుతాడా అని ఊరంతా అనుకుంటున్న రోజుల్లో కొడుకు కృష్ణారావు కొట్టు తాళాలు చేతికి తీసుకున్నాడు. బ్రహ్మయ్య దక్కాడు గానీ తాళాలు తిరిగి రాలేదు. ఇక విశ్రాంతి తీసుకోండని కొడుకు మర్యాదగానే చెప్పాడు. విశ్రాంతి అంటే ఏం చెయ్యాలో తెలియక బ్రహ్మయ్య కొట్టు గుమ్మం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. "పొట్లం అలాగట్రా కట్టేది? ఆ బెల్లం గోనె ఎండలో పెట్టిందెవరు? ఆవిడకి పాత చింతపండు ఇస్తావేంటి, కొత్తది తీయి" అని పొద్దస్తమానం సణిగేవాడు. ఆ పాత చింతపండు అంటగట్టడం కొడుక్కి నేర్పింది ఆయనే. అదే గిరాకీ ముందు బయటపెట్టేసరికి కృష్ణారావుకు తల కొట్టేసినట్టయింది. గోవిందమ్మ ఒక రోజు చూసింది, రెండు రోజులు చూసింది. మూడో రోజు తన గిన్నెలు బుట్టకెత్తింది.

"మిమ్మల్ని తీసుకెళ్ళకపోతే కొట్టు మూతబడుతుందండి" అంది.

కొత్తింట్లో బ్రహ్మయ్య మాట వినేవాళ్ళు లేరు. గుమాస్తా లేడు, గిరాకీ లేదు, అరవడానికి గోనెసంచులు కూడా లేవు. ఆయన దొరతనమంతా ఒక్క చోట మిగిలింది. తెల్లవారగానే మంచం మీద కళ్ళు మూసుకునే చెయ్యి చాపుతాడు. గోవిందమ్మ ఆ చేతిలో వేడివేడి కాఫీ గ్లాసు పెడుతుంది. అది తాగి, ఇంకా వేడిగా ఉండాల్సిందని ఒక మాట అని, అప్పుడు కళ్ళు తెరుస్తాడు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ గోవిందమ్మ ఆ గ్లాసు ఒక్క రోజు తప్పించింది లేదు. ఈ కథలో ఆయన పోగొట్టుకున్నది ఆ గ్లాసే గనక దాని సంగతి ముందే చెప్పాల్సి వచ్చింది.

మారిన నెలకు గోవిందమ్మ కాశీ మాట ఎత్తింది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అని బ్రహ్మయ్య ఆమెకు కాశీ బాకీ పడి నలభై ఏళ్ళు కావస్తోంది. ఇప్పుడిక కొట్టు వంక పెట్టడానికి లేదు. సరేనన్నాడు. ఎ.కొండూరులో ఉండే ఆయన అక్కగారు కోటేశ్వరమ్మ, భర్త పోయిన మనిషి, నేనూ వస్తానని మూట కట్టుకుని సిద్ధమైంది. ముగ్గురూ తిరువూరులో బెజవాడ బస్సెక్కి, బెజవాడలో మెయిలెక్కి, ఇటార్సీలో రైలు మారి, దారి పొడుగునా పులిహోరా ఆవకాయన్నమూ తింటూ కాశీ చేరారు. బ్రహ్మయ్య దారిలో ప్రతి స్టేషన్లో దిగి, అక్కడి కొట్లలో కందిపప్పు చేతిలోకి తీసుకుని చూసి, పెదవి విరిచి, రైలు కూత వేశాక పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కేవాడు. అక్కగారు ప్రతిసారీ ఆంజనేయ దండకం అందుకునేది.

కాశీలో ఒక పద్ధతి ఉంది. వెళ్ళినవాళ్ళు తమకు అన్నిటికన్నా ఇష్టమైన తిండి ఒకటి గంగలో వదిలేసి రావాలి. వదిలాక ఈ జన్మలో మళ్ళీ దాన్ని ముట్టకూడదు. రేవులో నడుం లోతు నీళ్ళలో నిలబెట్టి తెలుగు పురోహితుడు ఈ సంగతి చెప్పగానే బ్రహ్మయ్యకు గుండెల్లో రాయి పడింది. ముందు వంకాయ గుర్తొచ్చింది. గుత్తివంకాయ లేకుండా మిగతా జీవితం ఎందుకని ఊరుకున్నాడు. మామిడిపండు గుర్తొచ్చింది. తిరువూరులో పుట్టి మామిడిపండు వదిలేసినవాణ్ణి ఊళ్ళోకి రానిస్తారా అని అదీ పక్కన పెట్టాడు. పెసరట్టు, గోంగూర, మాగాయ, ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చి నన్ను వదలకు నన్ను వదలకు అన్నాయి. పురోహితుడు తొందరపెడుతున్నాడు. అప్పుడు తట్టింది ఆ మహానుభావుడికి.

"పొట్లకాయ!" అన్నాడు, రేవంతా వినబడేట్టు. అని, బుడుంగున మునిగాడు.

ఆయన చిన్నప్పుడు పాదుకు వేలాడే పొట్లకాయను చీకట్లో పామనుకుని జడుసుకున్నాడు. అప్పటి నుంచి ఆ కూర వాసనొస్తేనే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. అలాంటి సరుకును ఏకంగా గంగమ్మకే అంటగట్టి, పుణ్యం చంకన పెట్టుకుని పైకి తేలాడు. పక్కనే నిలబడ్డ గోవిందమ్మ ఆయన వంక ఒక్క క్షణం చూసింది. నాలుగడుగులు అవతలికి వెళ్ళి, చేతులు జోడించి, పెదాలు కదిలీ కదలకుండా ఏదో అనుకుని తనూ మునిగింది. తన తెలివికి తనే మురిసిపోతున్న బ్రహ్మయ్య ఆవిడ ఏం వదిలిందో వినిపించుకోలేదు. అదే ఆయన చేసిన పొరపాటు.

తిరుగు రైల్లో గుర్తొచ్చి అడిగాడు. "నువ్వేం వదిలావే?"

"ఇంటికెళ్ళాక చెప్తాను లెండి" అంది గోవిందమ్మ కిటికీలోంచి చూస్తూ.

ఇంటికొచ్చాక గంగపూజ చేసి, కాశీ సమారాధన పెట్టారు. బంధువులు, బజారు వీధి వాళ్ళు అందరూ వచ్చారు. విస్తళ్ళ ముందు కూర్చున్నాక ఎవరో ఒకరు ఏం వదిలారని అడగడం మామూలే. బ్రహ్మయ్య గొంతు సవరించుకుని పొట్లకాయని చెప్పాడు. పొట్లకాయంటే మీకంత ఇష్టమా అని ఎదురు విస్తరి పెద్దమనిషి ఆశ్చర్యపోయాడు. "ప్రాణమండి. ఏం చేస్తాం, వదలక తప్పదు కదా" అని బ్రహ్మయ్య నిట్టూర్చాడు. తండ్రి ఇంట్లో పుట్టి బుద్ధెరిగాక పొట్లకాయ మొహం చూడని కృష్ణారావు చేతిలో నెయ్యి గిన్నెతో పక్క గదిలోకి పరిగెత్తాడు. లోపల్నించి పెద్దగా దగ్గు వినబడింది.

"మరి మీరో, గోవిందమ్మగారూ?" అని అడిగింది పక్కింటి సామ్రాజ్యం.

గోవిందమ్మ చేతిలో ఉన్న పులుసు గిన్నె కింద పెట్టి, కొంగు సర్దుకుంది. "నేను పొద్దుటి పొయ్యి వదిలేశానమ్మా" అంది.

వడ్డిస్తున్నవాళ్ళు గరిటెలతో అలాగే వెనక్కి తిరిగారు.

"తిండి కదండీ వదలాల్సింది?" అన్నాడెవరో.

"మీకు ప్రాణప్రదమైంది వదలమన్నారు పంతులుగారు. నలభై ఏళ్ళుగా కళ్ళు తెరవగానే నేను మొదట ముట్టుకునేది ఆ పొయ్యినే. మా ఆయన మొహం కూడా దాని తరవాతే చూస్తాను. అంతకన్నా ప్రాణప్రదమైంది నాకేముంటుంది చెప్పండి? అందుకే వదిలేశాను. ఇక గోడ మీదికి ఎండ వచ్చేదాకా పొయ్యి ముట్టుకోను. మధ్యాహ్నం వంటకు దోషం లేదు."

బ్రహ్మయ్య నోట్లోకి వెళ్తున్న బూరె సగంలో ఆగింది. అలాంటి వదలడం ఎక్కడైనా ఉందా అని అరుద్దామని నోరు తెరిచాడు. గోవిందమ్మ ఆయన విస్తరి ముందుకు వచ్చి వంగి, "పొట్లకాయంత గొప్పది కాదనుకోండి" అని నెమ్మదిగా అని, ఇంకో బూరె వేసింది. బ్రహ్మయ్య నోరు మూసుకున్నాడు.

మర్నాడు తెల్లవారింది. ఆయన కళ్ళు మూసుకునే చెయ్యి చాపాడు. గ్లాసు రాలేదు. చెయ్యి ఇంకాస్త చాపాడు. చివరికి ఒక కన్ను తెరిచి చూస్తే, గోవిందమ్మ స్నానం చేసి, ముగ్గేసి, అరుగు మీద కూర్చుని సామ్రాజ్యంతో కబుర్లు చెబుతోంది. పెళ్ళయ్యాక ఆవిడ పొద్దున పూట ఊరికే కూర్చోగా ఆయన చూడడం అదే మొదలు.

"కాఫీ అయిందాండీ?" అని అడిగింది, వెనక్కి తిరక్కుండా.

కాఫీగింజ నోట్లో వేసుకుని ఏ తోటదో చెప్పగల మనిషి బ్రహ్మయ్య. ఆ గింజ కాఫీ ఎలా అవుతుందో మాత్రం ఆయనకు తెలియదు. పొయ్యిలో కట్టెలు పేర్చి ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడు. పొగ వచ్చింది. ఇంకా ఊదాడు. ఇంకా పొగ వచ్చింది. పొగంతా వీధిలోకి పోతుంటే, ఇల్లు అంటుకుందేమోనని ఎదురింటి వాళ్ళు నీళ్ళ బిందెతో వచ్చారు. ఎలాగో మంట తెప్పించి, కాఫీపొడి పొట్లం మొత్తం నీళ్ళలో గుమ్మరించి కాచాడు. గోవిందమ్మ ఒక గుక్క తాగి, చాలాసేపు ఆకాశం వైపు చూసింది.

"బాగుందండి. నిద్ర మళ్ళీ వారం దాకా రాదు" అంది.

రెండో రోజు ఆయన తెల్లారకుండానే కొడుకు ఇంటి దొడ్డిగుమ్మం దగ్గర తేలాడు. కోడలు మహాలక్ష్మి నవ్వాపుకుంటూ కాఫీ ఇచ్చింది. మూడో రోజు కూడా ఇచ్చింది. నాలుగో రోజు మాత్రం తలుపు సందులోంచి, "అత్తయ్యగారు వద్దన్నారండి మామయ్యగారూ, ఆవిడ వ్రతం చెడుతుందట" అని తలుపేసుకుంది. దాంతో బ్రహ్మయ్యకు పొయ్యి తప్పలేదు. కాఫీ కుదిరింది. ఉప్మా కూడా కొంచెం కొంచెం కుదిరింది. ఒక రోజు పెసరపప్పు పులగం వండి, మొదటి ముద్దే కటుక్కుమనేసరికి దవడ పట్టుకున్నాడు. రాయి. రెండో ముద్దలో ఇంకో రాయి. మిగిలిన పప్పు మూట కట్టుకుని, కొట్టుకు వెళ్ళి, గిరాకీ అందరి ముందూ గల్లాపెట్టె మీద పడేశాడు.

"ఏంట్రా ఇది? పప్పులో రాళ్ళా, రాళ్ళలో పప్పా? తీసుకో, వేరే ఇయ్యి!"

కృష్ణారావు తలెత్తి గోడ మీది బోర్డు చూశాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని పెద్దక్షరాలతో ఉంది. ఇరవై ఏళ్ళ కిందట బ్రహ్మయ్యే రాయించి తగిలించాడు. ఆ బోర్డు చూపించి ఆయన వెనక్కి పంపిన ఆడవాళ్ళకు లెక్కలేదు. వాళ్ళలో ఒకావిడ ఆ పూట అక్కడే నిలబడి ఉంది. ఆవిడ నవ్విన నవ్వు ఎలాంటిదో బ్రహ్మయ్య ఇంటికొచ్చి పప్పు చేట్లో పోసి ఏరుకుంటూ చాలాసేపు తలుచుకున్నాడు.

కానీ ఆయన ఓడిపోయాననుకోలేదు. వర్తకుడికి కల్తీ సరుకు ముక్కుకే తెలిసిపోతుంది. గోవిందమ్మ చెప్పిన ఈ పొయ్యి వదలడంలో ఏదో కల్తీ ఉంది. ఆవిడ గంగలో వదిలింది పొయ్యి కాదు, వేరే ఏదో అయి ఉండాలి. అదేమిటో రుజువుతో పట్టుకుంటే చాలు, మళ్ళీ మర్నాటి నుంచి మంచం మీదికి కాఫీ. ఆయన బతుకులో ఇప్పుడు కావలసింది ఆ ఒక్కటే. కొట్టు పోతే పోయింది, కాఫీ గ్లాసు మాత్రం వదులుకునేది లేదని పొయ్యి ముందు కూర్చుని ఒట్టేసుకున్నాడు.

సాక్షి ఎవరా అని ఆలోచిస్తే అక్కగారు గుర్తొచ్చింది. బస్సెక్కి ఎ.కొండూరు వెళ్ళాడు.

"ఒరే బ్రహ్మం, నేను నీళ్ళలో మునిగి ఉన్నాన్రా. మునిగున్నదాన్ని ఏం చూస్తాను?" అంది కోటేశ్వరమ్మ. "అయినా నిన్ను అడగాలనుకుంటున్నాను. పొట్లకాయ వదిలావట? చిన్నప్పుడు అమ్మ పొట్లకాయ కోస్తుంటే గోడ దూకి పారిపోయేవాడివి. అదెప్పుడు ప్రాణమైందిరా నీకు?"

బ్రహ్మయ్య మంచినీళ్ళు అడిగాడు.

"మీ ఆవిడది మంచి ఆలోచన. నేను కూడా వదిలేద్దామనుకుంటున్నాను పొద్దుటి పొయ్యి. ఇవ్వాళ్టి నుంచే మొదలుపెడతాను. ఎటూ నువ్వొచ్చావు గదా, రేపు పొద్దున కాఫీ నువ్వే పెట్టు" అంది అక్కగారు. ఆయన సాయంత్రం బస్సుకే తిరిగొచ్చేశాడు.

ఈలోగా గోవిందమ్మ తన ఖాళీ పొద్దులు ఏం చేసుకోవాలో చూసుకుంది. వీళ్ళ కూతురు సీతారావమ్మను వినగడపలో ఇచ్చారు. తిరువూరు దాటగానే వినగడప వెళ్ళే బండిబాట ఒక పల్లంలోకి దిగుతుంది. వానాకాలం అక్కడ ఇరుసుల దాకా బురదే. అంతకు ముందు ఏడు సీతారావమ్మ పురిటికి వస్తుంటే బండి అందులో దిగబడిపోయింది. వానలో, ఆ బండిలోనే, అటువాళ్ళూ ఇటువాళ్ళూ అందకుండా మనవరాలు పుట్టింది. బండి దిగబడిన కబురు విని గోవిందమ్మ మోకాళ్ళ లోతు బురదలో పడుతూ లేస్తూ వెళ్ళింది. తల్లీపిల్లా క్షేమమే గానీ, దారిలో ఉండగానే వినబడిన కూతురి కేక ఆవిడ చెవుల్లో అలాగే ఉండిపోయింది. శివరాత్రి వెళ్ళాక గ్రామసేవకుడు ప్రభుదాసు ఊళ్ళో డప్పు వేయించాడు. పల్లం పూడ్చి రోడ్డు వేయడానికి శ్రమదానం, రోజూ తెల్లవారగానే పని, ఎండెక్కే వేళకు ఆపేస్తారు, వచ్చేవాళ్ళు రావచ్చు అని.

మర్నాడు గోవిందమ్మ తట్ట పట్టుకుని వెళ్ళింది. బజారు వీధి ఆడవాళ్ళు మట్టి మొయ్యడం ఎవరూ ఎరగరు. ప్రభుదాసు కంగారు పడ్డాడు.

"మీరు మొయ్యడమేంటండి అమ్మగారూ, అలా చెట్టు కింద కూర్చోండి చాలు."

"కూర్చోడానికైతే మా అరుగుంది నాయనా. ఆ తట్ట ఎత్తు" అంది.

వారం తిరక్కుండా సామ్రాజ్యం కూడా తట్ట పట్టింది. ఆవిడ వెనక ఇంకో నలుగురు వెళ్ళారు. పొద్దున పూట ఇళ్ళలో కాఫీ అందక బజారు వీధి మగవాళ్ళందరూ బ్రహ్మయ్య అరుగు మీదికి చేరారు. ఇదంతా నీ కాశీయాత్ర వల్లేనని దెప్పారు. ఆయన వాళ్ళందరికీ కాఫీ పెట్టి పంపాడు. అప్పటికి ఆయన కాఫీకి కాస్త పేరొచ్చింది. మెచ్చుకుంటే లోపల సంతోషించి, పైకి మాత్రం చికాకు పడేవాడు.

అసలు దెబ్బ ఆ తరవాత తగిలింది. పని చేసేవాళ్ళు యాభై మందికి మించారు. తెల్లవారుజామున ఏమీ తినకుండా వస్తున్నారు, మధ్యలో నీరసపడుతున్నారని ప్రభుదాసు అంటే, గోవిందమ్మ నెత్తి మీది తట్ట దించకుండానే జవాబిచ్చింది.

"దానికేముంది? మా ఆయన పొద్దుట పూట బ్రహ్మాండంగా వండుతారు. నేను చెప్తాలే."

బ్రహ్మయ్య ససేమిరా అన్నాడు. రెండో రోజు గుండిగ కడిగించాడు. మూడో రోజు పల్లం ఒడ్డునే రాళ్ళ పొయ్యి పెట్టి, కండువా నడుముకు బిగించి పులగం దించాడు. పప్పు కొడుకు కొట్టుదే. ఒక్క రాయి ఉన్నా ఊరుకోనని కృష్ణారావునే ముందు కూర్చోబెట్టి ఏరించాడు. అన్ని పేటల వాళ్ళూ ఒకే వరసలో కూర్చున్నారు. ఊళ్ళో డప్పు వేసిన జోజప్ప పక్కన సామ్రాజ్యం భర్త, ఆయన పక్కన ప్రభుదాసు. బజారు వీధిలో ఒకరిద్దరు దీనికి ముక్కు చిట్లించారు. మీ కోసం విడిగా వండుతాను, పొయ్యి మీరు ఊదండని బ్రహ్మయ్య వాళ్ళకు కబురు పెట్టాడు. ఎవరూ రాలేదు. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆయన కొట్లో అరిచినట్టే అరిచేవాడు, "ఏయ్, ఆ చివర నెయ్యి అందిందా? నువ్వేంటి, అప్పుడే లేస్తున్నావ్? కూర్చో!" ఇక్కడ ఆయన అరుపుకు ఎవరూ నొచ్చుకోలేదు. జ్వరం నుంచి లేచాక ఆయన అంత హుషారుగా ఉండటం గోవిందమ్మ అప్పుడే చూసింది. మట్టి తట్ట కింద పెట్టి కాసేపు చూస్తూ నిలబడింది.

అయినా పట్టు మాత్రం ఆయన విడవలేదు. రాత్రి పప్పు నానబోసేటప్పుడు కూడా, "నిజం చెప్పవే, ఏం వదిలావ్?" అని అడిగేవాడు. ఆవిడ, "పొయ్యి" అనేది.

ఉగాది తరవాత రోడ్డు పూర్తయింది. వైశాఖంలో ఇద్దరూ బండి కట్టించుకుని ఆ రోడ్డు మీదే వినగడప బయల్దేరారు. పల్లం ఉండే చోట బండి ఒక్క కుదుపు లేకుండా సాగిపోయింది. గోవిందమ్మ బండిలోంచి వంగి రోడ్డు వంక చూసి, కళ్ళు తుడుచుకుంది. మన తట్టలు కదండీ అంది. మన పులగం అని సరిదిద్దాడు బ్రహ్మయ్య.

సీతారావమ్మ ఇంట్లో మామిడిపళ్ళు గదంతా గడ్డిలో పరిచి ఉన్నాయి. ఇల్లంతా రసాల వాసన. మధ్యాహ్నం అందరూ చుట్టూ కూర్చున్నారు. బ్రహ్మయ్య ఒక పండు నలిపి ముచ్చిక తీసి, జుర్రుతూ, రెండోదానికి చెయ్యి చాపుతూ గోవిందమ్మ వైపు చూశాడు. ఆవిడ ముందు పళ్ళు లేవు. తన వంతు పళ్ళన్నీ ఏడాది మనవరాలికి పిండి తాగిస్తోంది. పిల్ల మొహమంతా రసం. గోవిందమ్మ చీర మీద కూడా రసం కారింది. వేలికి అంటిన దాన్ని ఆవిడ నాలుకకు తగలనివ్వకుండా తడిగుడ్డతో తుడుచుకుంది.

బ్రహ్మయ్య చెయ్యి ఆగిపోయింది. ఆవిడ మామిడిపళ్ళ సంగతి ఆయనకు తెలుసు. మామిడికాలం వస్తే అన్నం మానేసే మనిషి. టెంకె కూడా పీచు తెల్లబడేదాకా వదలదు. కొత్త పెళ్ళికూతురుగా వచ్చిన ఏడు, అత్తగారు చూస్తుందని గాదె వెనక కూర్చుని ఒక బుట్ట పళ్ళు తినేసి, తెల్లారి కడుపునొప్పితో దొరికిపోయింది. ఆ గాదె వెనక ఆవిణ్ణి మొదట పట్టుకుంది ఆయనే.

భోజనాలయ్యాక ఆయన కూతుర్ని దొడ్లోకి పిలిచాడు.

"అమ్మ పండు ముట్టలేదేంటే? ఒంట్లో బాగాలేదా?"

సీతారావమ్మ వింతగా చూసింది. "అదేంటి నాన్నా, మీకు తెలీదా? అమ్మ కాశీలో మామిడిపండు వదిలేసింది కదా. మీకు జ్వరం ముదిరినప్పుడు మొక్కుకుందంట. మీరు లేచి తిరిగితే కాశీకి వచ్చి, తనకి అన్నిటికన్నా ఇష్టమైంది గంగకి ఇచ్చేస్తానని. మీకు చెప్పొద్దంది గానీ, మీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

దొరికింది. శీతాకాలం నుంచీ వెతుకుతున్న రుజువు చేతికి దొరికింది. పొయ్యి వదలడమంతా పచ్చి అబద్ధం. వెంటనే లోపలికెళ్ళి, నలుగురి ముందూ నిలదీస్తే, రేపట్నుంచి మంచం మీదికి కాఫీ. బ్రహ్మయ్య కదల్లేదు. రేవులో తన పక్కన నిలబడి, తన పొట్లకాయ మాట విని, ఒక్క క్షణం చూసి అవతలికి వెళ్ళిన ఆ మొహం గుర్తొచ్చింది. ఆవిడ ఆయన ప్రాణం కోసం మామిడిపండు ఇస్తున్న పూట, అదే నీళ్ళలో ఆయన గంగమ్మకు చెల్లని సరుకు ఇచ్చి వచ్చాడు. సిగ్గుతో ఆయన ఒళ్ళు చచ్చిపోయింది. వేసవి ఎండలో తలపాగా కూడా లేకుండా కట్లేరు వైపు నడిచాడు.

ఏట్లో నీళ్ళు సన్నగా, పాదాలు తడిసేటంత పారుతున్నాయి. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, అందులో నిలబడి చేతులు జోడించాడు.

"అమ్మా గంగమ్మా, నువ్వు అన్ని నీళ్ళలోనూ ఉంటావంటారు. నేను కొట్లో ఏనాడూ అమ్మిన సరుకు వాపసు తీసుకున్న పాపాన పోలేదు. నువ్వు నాలాంటిదానివి కాదు గనక అడుగుతున్నాను. నేనిచ్చిన పొట్లకాయ నాకు ఇచ్చెయ్యి. దాని బదులు మామిడిపండు తీసుకో" అన్నాడు. మునగడానికి నీళ్ళు చాలకపోతే దోసిళ్ళతో నెత్తిన పోసుకున్నాడు.

సాయంత్రం కూతురు పళ్ళ బుట్ట తెచ్చి పెట్టింది. ఆయన పక్కకు నెట్టాడు.

"అదేంటండీ?" అంది గోవిందమ్మ.

"వదిలేశాను. ఇందాక కట్లేట్లో."

"ఒకటే కదండీ వదలాల్సింది? మీరు పొట్లకాయ వదిలారుగా, ప్రాణమని?"

"అది వాపసు తీసుకున్నాను" అన్నాడు బ్రహ్మయ్య, నేల చూస్తూ.

గోవిందమ్మ కూతురి వంక చూసింది. కూతురు గబగబా దీపం వెలిగించడానికి వెళ్ళిపోయింది. మర్నాడు మధ్యాహ్నం గోవిందమ్మ ఆయన విస్తట్లో పొట్లకాయ కూర వేసింది. పాలు పోసి, తెల్లగా, కొబ్బరి చల్లి వండింది. ఆయన దాన్ని కాసేపు చూశాడు. అది ఆయన్ని చూసింది. కళ్ళు మూసుకుని ఒక ముద్ద మింగాడు. చచ్చిపోలేదు. ఇంకో ముద్ద కలిపాడు.

"పెళ్ళయి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి పొట్ల గింజలు కొంగున కట్టుకొచ్చానండి" అంది గోవిందమ్మ విసనకర్ర విసురుతూ. "నాకు చాలా ఇష్టం ఆ కూర. పాదు పెట్టాను. మొదటి కాయ కాసిన రోజు మీరు కంచం ముందు నుంచి లేచిపోయారు. అప్పుడే పీకేశాను. కాబట్టి పొట్లకాయ వదిలింది కూడా నేనే, మీరు కాదు."

బ్రహ్మయ్య తలెత్తలేదు. "ఇంకాస్త వెయ్యి" అన్నాడు. తరవాత, "నువ్వూ కూర్చో. విస్తరేసుకో. నాతో పాటే తిను" అన్నాడు. ఆవిడ కూర్చుంది. వాళ్ళిద్దరూ ఒక పంక్తిన కూర్చోవడం సీతారావమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మజ్జిగ గిన్నెతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

తిరువూరు తిరిగొచ్చిన మర్నాడు తెల్లవారుతుంటే బ్రహ్మయ్యకు మెలకువ వచ్చింది. వంటింట్లో కట్టెల చప్పుడు. వెళ్ళి చూస్తే గోవిందమ్మ పొయ్యి ముందు కూర్చుని చితుకులు పేరుస్తోంది. ఆయన్ని చూసి, ఇవాళ నేను పెడతాను లెండి, మీకిష్టంగా వేడివేడిగా, అంది. ఆయన ఎన్నాళ్ళనుంచో ఎదురు చూసిన మాట అదే.

బ్రహ్మయ్య వంగి ఆవిడ చేతిలో ఊదుగొట్టం లాక్కున్నాడు.

"లే, పక్కకి జరుగు" అన్నాడు కసురుతూ. "గంగలో వదిలేసిన పొయ్యి మళ్ళీ ముట్టుకుంటే పాపం వస్తుందని తెలీదూ?"

గోవిందమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆయన పొయ్యిలోకి చూస్తున్నాడు. ఇద్దరికీ అంతా తెలుసని ఇద్దరికీ తెలిసింది. ఆవిడ లేచి, వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. కాసేపటికి పొగ లేకుండా మంట రేగిన చప్పుడు వినబడింది. ఆవిడ కళ్ళు మూసుకుని, చెయ్యి చాపింది.